మేమా? మనమా?

తెలుగునాట ముస్లింలను పిలిచే పేర్లలో పాతది 'తురక'. సామెతల్లో ఉంది. తిట్లలో ఉంది. తురకపాలెం అంటూ ఊళ్ల పేర్లలో ఉంది. టర్కీ ఏ దిక్కున ఉందో తెలియని దూదేకుల సాయిబూ తురకే. నాలుగు తరాల కింద వెట్టి భరించలేక కలిమా చదువుకున్న కూలీ మనవడూ తురకే. ఆ పేరు పెట్టినవాళ్లు మా పుట్టుక అడగలేదు, మా భాష అడగలేదు. మమ్మల్ని తమలో కలుపుకోకుండా ఉండటానికి ఒక మాట కావలసి వచ్చింది, అది దొరికింది.

ఇదే మాట, దాదాపు ఇదే అర్థంలో, అట్లాంటిక్ అవతలి ఒడ్డున పదిహేడో శతాబ్దంలో రాసిన కాగితాల్లోనూ కనిపిస్తుంది. ఆనాటి ఇంగ్లీషులో 'టర్క్' అంటే టర్కీ దేశస్థుడనే కాదు, ముస్లిం అని కూడా అర్థం. అమెరికా ప్రజాస్వామ్యానికి వేర్లుగా చెప్పుకునే ఒడంబడికలు, చార్టర్లు, చట్టాలు చదువుతూ పోతే ఈ తురక ఒకచోట ఓడలో తోటి ప్రయాణికుడిగా ఎదురవుతాడు. మరోచోట క్రైస్తవ నౌకరును కొనకూడని అవిశ్వాసిగా ఎదురవుతాడు. ఎక్కడా సంతకం చేసినవాడిగా మాత్రం కనపడడు.

అమెరికా ప్రజాస్వామ్యం గొప్పదా, బూటకమా అని మన దగ్గర చాలాకాలంగా వాదించుకుంటున్నారు. గొప్పదనేవాళ్లు 1776 ప్రకటన చూపిస్తారు. బూటకమనేవాళ్లు బానిసల సంకెళ్లు చూపిస్తారు. రెండూ నిజమే. ఆ రెండు నిజాల మధ్య నిలబడ్డవాడి ప్రశ్న వేరు. అతని సంతకం లేని ఒడంబడిక అతనిది అవుతుందా?

ఈ ప్రశ్న అడగటానికి ఇంగ్లీషుకు లేని సౌకర్యం తెలుగుకు ఉంది. వాళ్లకు 'వి' అనే మాట ఒక్కటే. మనకు రెండున్నాయి. 'మేము' అంటే వినేవాడు బయట. 'మనం' అంటే వినేవాడు లోపల. గడప మీద నిలబడ్డవాడికి ఈ తేడా తెలిసినంతగా ఇంట్లో కూర్చున్నవాడికి తెలియదు. ఆ పాత పత్రాలన్నిటినీ అడగవలసిన మొదటి ప్రశ్న: ఇది మేమా, మనమా?

మేఫ్లవర్ ఓడతో మొదలుపెడదాం. ఆనాటి కేలెండరు ప్రకారం 1620 నవంబరు 11. వర్జీనియా ప్రాంతంలో దిగటానికి అనుమతి తీసుకుని బయల్దేరిన ఓడ, ఆ అనుమతి చెల్లని చోట, కేప్‌కాడ్ దగ్గర తేలింది. ఓడలో నూరుమంది పైచిలుకు ఉన్నారు. 'ఇక్కడ మా మీద పెత్తనం చేసే హక్కు ఎవరికీ లేదు, దిగాక మా ఇష్టం' అని కొందరు అనడం మొదలుపెట్టారు. ముందున్నది చలికాలం. చీలిపోతే చావే. ఆ భయంలోంచి ఒక కాగితం పుట్టింది. రాజుకు విధేయులమంటూ, దేవుని మహిమ కోసం, క్రైస్తవ మత వ్యాప్తి కోసం వచ్చామంటూ, తామంతా కలిసి ఒక పౌర సంఘంగా ఏర్పడుతున్నామని రాసుకున్నారు. అందరి మేలు కోసం న్యాయమైన, సమానమైన చట్టాలు చేసుకుని వాటికి లోబడతామని రాసుకున్నారు. 41 మంది మగవాళ్లు సంతకాలు పెట్టారు. ఆ చలికాలంలోనే వచ్చినవాళ్లలో దాదాపు సగంమంది చనిపోయారు.

దీన్ని తీసిపారేయనక్కర్లేదు. అధికారం పైనుంచి దిగిరావడమే లోకరీతి అనుకునే కాలంలో, పాలించబడేవాళ్లు ఒకరితో ఒకరు ఒప్పుకోవడం వల్ల కూడా అధికారం పుడుతుందని వాళ్లు చేసి చూపించారు. కాని ఓడలో ఉన్న ఆడవాళ్ల సంతకం అందులో లేదు. ఓడ దిగిన నేలలో ఉన్నవాళ్ల ప్రస్తావనే లేదు. ప్లిమత్ వలస వెలిసిన చోటు పటక్సెట్ అనే వాంపనోగ్ పల్లె. కొన్నేళ్ల ముందే యూరప్ నుంచి వచ్చిన జబ్బులతో ఆ పల్లె తుడిచిపెట్టుకుపోయింది. 1621లో వాంపనోగ్ నాయకుడు మాససాయిట్ వలసవాసులతో శాంతి ఒప్పందం చేసుకున్నాడు. 1676లో ఆయన కొడుకు మెటాకొమ్‌ను యుద్ధంలో చంపి, తలను ప్లిమత్‌లో గుంజకు గుచ్చి నిలబెట్టారు. అతని చిన్న కొడుకును బానిసగా అమ్మేశారు. ఓడలో వాళ్లలో వాళ్లు రాసుకున్న ఒడంబడిక నిలిచింది. నేల మీద బయటివాళ్లతో చేసుకున్నది నిలవలేదు.

అంతకు ఏడాది ముందు, 1619 జూలై 30న, వర్జీనియాలోని జేమ్స్‌టౌన్ చర్చిలో 22 మంది ప్రతినిధులతో సభ జరిగింది. ఇంగ్లీషు అమెరికాలో ఎన్నికైన మొదటి శాసనసభ అదే. సరిగ్గా నెల తిరగకముందే, ఆగస్టు ఆఖరులో, అదే వలస తీరంలో ఇరవైమంది చిల్లర ఆఫ్రికన్లను దించి తిండి సరుకులకు మార్చుకున్నారు. సభా, సంతా పక్కపక్కనే మొదలయ్యాయి.

మసాచుసెట్స్ వలస 1641లో ఒక హక్కుల పట్టీ చేసుకుంది. చట్టం లేకుండా ఎవరినీ పట్టుకోకూడదు. ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించకూడదు. భార్యను కొట్టకూడదు. పశువులను హింసించకూడదు. ఇన్ని మంచి మాటల మధ్య బానిసత్వం ఉండకూడదనీ ఉంది. వెంటనే మినహాయింపు: న్యాయమైన యుద్ధంలో పట్టుబడినవాళ్లు, తమను తాము అమ్ముకున్నవాళ్లు, తమకు అమ్మబడిన పరాయివాళ్లు తప్ప. ఇంకా ఎవరు మిగిలారు? అదే పట్టీలో వేరే దేవుణ్ణి కొలిచినవాడికి మరణశిక్ష. పశువు మీద చూపిన దయ పరాయి దేవుడి భక్తుడి దాకా రాలేదు. 1659 నుంచి 1661 దాకా బోస్టన్‌లో నలుగురు క్వేకర్లను ఉరితీశారు. వాళ్లూ క్రైస్తవులే. ఇంగ్లండులో మత హింస భరించలేక వచ్చినవాళ్లు తమ చేతికి కర్ర రాగానే చేసిన పని ఇది. బాధితుడు గద్దెనెక్కితే న్యాయం దానంతటదే రాదని తెలుసుకోవటానికి ఇంతకంటే పాఠం అక్కర్లేదు.

ఆ మసాచుసెట్స్ నుంచే 1635లో బహిష్కరణకు గురైనవాడు రోజర్ విలియమ్స్. మనిషి మనస్సాక్షి మీద సర్కారుకు అధికారం లేదన్నాడు. రాజు పట్టా ఇచ్చినంత మాత్రాన స్థానికుల నేల వలసవాసులది కాదన్నాడు. ఆ రెండు మాటలూ అక్కడివాళ్లకు మింగుడుపడలేదు. ఆయన నరగాన్‌సెట్ ప్రజల దగ్గర నేల తీసుకుని 1636లో ప్రావిడెన్స్ అనే ఊరు కట్టాడు. ఆ ఊరివాళ్లు రాసుకున్న ఒడంబడిక మేఫ్లవర్ కాగితంలాగే ఉంటుంది. అందరి మేలు కోసం చేసిన కట్టుబాట్లకు లోబడతామనే ఉంటుంది. కాని చివర ఒక చిన్న మాట చేరింది: పౌర విషయాలలో మాత్రమే. ఆ ఒక్క 'మాత్రమే' కోసం ఎంతమంది ఉరికంబం ఎక్కారో! దేవుడి పేరు పైన రాసుకుని మొదలైన 'మేము'కు, దేవుణ్ణి ఎవరి ఇంట్లో వాళ్లకు వదిలేసిన ఈ ఊరి 'మేము'కు మధ్య ఉన్న దూరమే లౌకికరాజ్యం.

1655లో విలియమ్స్ తన ఊరివాళ్లకు రాసిన ఉత్తరంలో సమాజాన్ని ఓడతో పోల్చాడు. ఆ ఓడలో ప్రొటెస్టెంట్లతో పాటు కాథలిక్కులూ, యూదులూ, తురకలూ ఉన్నారు. ఓడలో జరిగే ప్రార్థనకు రమ్మని వాళ్లలో ఎవరినీ బలవంతపెట్టకూడదు, వాళ్ల సొంత ప్రార్థన ఆపకూడదు. అయితే ఓడ నడపటానికి కెప్టెన్ ఇచ్చే ఆజ్ఞలను అందరూ పాటించాలి, ఖర్చు అందరూ భరించాలి. మేఫ్లవర్ ఓడలో లేని తురకను విలియమ్స్ తన ఊహలోని ఓడలో ఎక్కించాడు. రెండేళ్లకు, 1657 డిసెంబరులో, ఈనాటి న్యూయార్క్‌లో భాగమైన ఫ్లషింగ్ ఊళ్లో 30 మంది తమ డచ్చి గవర్నరు స్టయ్‌వెసాంట్‌కు ఒక నిరసన పత్రం రాశారు. క్వేకర్లకు ఆశ్రయమివ్వకూడదన్న ఆజ్ఞ పాటించలేమన్నారు. ప్రేమ, శాంతి, స్వేచ్ఛ యూదులకూ, తురకలకూ, ఈజిప్షియన్లకూ వర్తిస్తాయి, వాళ్లూ ఆదాము బిడ్డలేనన్నారు. సంతకం చేసినవాళ్లలో కొందరు జైలుకు పోయారు. తమ కోసం కాక పక్కవాడి కోసం పెట్టిన సంతకాలవి. ఆ యుగపు కాగితాలన్నిటిలో 'మేము'ను తెరిచి 'మనం' చేసిన పత్రం ఏదని అడిగితే నేను దీన్నే చూపిస్తాను.

ఇక్కడ మనకు బాగా అలవాటైన మాటొకటి పరీక్షకు పెట్టాలి. 'పరమత సహనం'. చిన్నప్పటి నుంచి పాఠ్యపుస్తకాల్లో చదివాం, వేదికల మీద విన్నాం. సహించడమంటే ఏమిటి? ఎండను సహిస్తాం. నొప్పిని సహిస్తాం. గిట్టని చుట్టాన్ని రెండురోజులు సహిస్తాం. సహించేవాడు ఇంటాయన. సహించబడేవాడు ఎప్పుడు పొమ్మంటారోనని సంచీ సర్దుకుని కూర్చునేవాడు. మేరీలాండ్ వలస 1649లో మత సహన చట్టం చేసింది. యేసుక్రీస్తును నమ్మేవాళ్లెవరినీ వేధించకూడదంది. త్రిత్వాన్ని కాదన్నవాడికి మాత్రం మరణశిక్ష పెట్టింది. సహనానికి ఎప్పుడూ ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు గీసే సుద్దముక్క సహించేవాడి చేతిలోనే ఉంటుంది. అయిదేళ్లకే, 1654లో, ఆ చట్టం రద్దయింది. తర్వాత తిరిగి వచ్చి, 1692లో పూర్తిగా పోయింది. ఇచ్చినవాడు తీసుకున్నాడు.

విలియమ్స్ కట్టిన రోడ్ ఐలండ్ కూడా ఇందుకు మినహాయింపు కాలేకపోయింది. 1663 చార్టర్ మతాభిప్రాయం కారణంగా ఎవరినీ వేధించరాదంది. ఆ చార్టర్ 180 ఏళ్లు, 1843 దాకా, అక్కడి మూల శాసనంగా నిలిచింది. కాని అదే నేలమీద 1762లో ఏరన్ లోపెజ్ అనే న్యూపోర్ట్ యూదు వర్తకుడు పౌరసత్వం అడిగితే కోర్టు కాదంది. ప్రార్థన చేసుకోవచ్చు, పౌరుడు కాకూడదు. అదే న్యూపోర్ట్ బానిస వ్యాపారానికి పెద్ద రేవు అయింది. చివరికి విలియమ్స్ కూడా 1676 యుద్ధం తర్వాత పట్టుబడిన స్థానికులను దాస్యానికి అమ్మే ఏర్పాటులో పాలుపంచుకున్నాడు. తురకను ఊహలో ఓడ ఎక్కించిన చేయి, పక్కనున్న మనిషిని నిజంగా ఓడలోంచి దించేసింది.

1790 ఆగస్టులో జార్జి వాషింగ్టన్ న్యూపోర్ట్ యూదులకు ఒక ఉత్తరం రాశాడు. ఒక వర్గం దయతో మరో వర్గం హక్కులు అనుభవిస్తుందన్నట్టు సహనం గురించి మాట్లాడే రోజులు పోయాయని అందులో భావం. మంచి మాట. కాని అదే ఏడాది మార్చిలో అదే వాషింగ్టన్ ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్లలో పౌరసత్వం దొరికేది స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్లకే. మతం గోడ దించుతూనే రంగు గోడ లేపారు.

ఆ గోడకు పునాది వర్జీనియాలో ముందే పడింది. మొదట్లో బానిసత్వాన్ని మతంతో సమర్థించుకున్నారు. క్రైస్తవుడు కానివాణ్ణి బానిసగా ఉంచవచ్చన్నారు. మరి బానిస బాప్తిస్మం తీసుకుంటే? 1667లో చట్టం చేశారు, బాప్తిస్మం వల్ల విముక్తి రాదని. 1682 చట్టం ఎవరు బానిసలో చెబుతూ, రాజుతో స్నేహంగా ఉన్న తురకలనూ, మూర్లనూ మినహాయించింది. అంటే వెనక సుల్తాను ఉన్న ముస్లిం మనిషే, వెనక ఎవరూ లేని నల్ల ముస్లిం సరుకు. 1705 చట్టం ఇంకాస్త ముందుకెళ్లి యూదులు, మూర్లు, మహమ్మదీయులు క్రైస్తవ నౌకర్లను కొనకూడదని పేరు పెట్టి రాసింది. హక్కు ఇచ్చేటప్పుడు గుర్తురాని పేరు నిషేధం రాసేటప్పుడు చక్కగా గుర్తొచ్చింది.

1788 వేసవిలో ఉత్తర కరోలినాలోని హిల్స్‌బరోలో కొత్త రాజ్యాంగం మీద చర్చ జరిగింది. పదవికి మత పరీక్ష ఉండకూడదన్న ఆరో అధికరణం కొందరిని భయపెట్టింది. రేపెప్పుడో ఒక మహమ్మదీయుడు అధ్యక్షుడైతే? ఒక సభ్యుడు నాలుగైదు వందల ఏళ్ల తర్వాతి సంగతి తలుచుకుని మరీ భయపడ్డాడు. జేమ్స్ ఐర్‌డెల్ జవాబిచ్చాడు: ఏ ఒక్క వర్గాన్ని తొలగించినా మత స్వేచ్ఛ అన్న సూత్రమే కూలిపోతుంది. అయితే తమ మతానికి బొత్తిగా వేరైనవాణ్ణి అమెరికా ప్రజలు ఎన్నుకుంటారనుకోవద్దని ధైర్యం కూడా చెప్పాడు. వాళ్లు భయపడ్డదీ, వాదించిందీ ఊహల్లో ఉన్న ముస్లిం గురించి. అమెరికా పొలాల్లో నిజం ముస్లింలు అప్పటికే పనిచేస్తున్నారు. సెనెగల్ ప్రాంతంలోని ఫూటా టోరోలో చదువుకున్న ఒమర్ ఇబ్న్ సయీద్‌ను 1807లో ఓడలో తెచ్చి చార్లెస్టన్‌లో అమ్మారు. ఆయన పారిపోయి అదే ఉత్తర కరోలినాలో పట్టుబడి, జైలు గోడల మీద అరబ్బీ రాశాడు. 1831లో అరబ్బీలో తన కథ రాసుకున్నాడు. అది సూరా అల్‌ముల్క్‌తో మొదలవుతుంది. రాజ్యమంతా అల్లాహ్‌దే అని చెప్పే సూరా. ఒక మనిషి మరో మనిషికి యజమాని అయిన దేశంలో ఆ సూరాను ఎంచుకోవడంలో ఆయన ఏం చెప్పదలుచుకున్నాడో చదువరికి విప్పి చెప్పనక్కర్లేదు. అంతర్యుద్ధం ముగియకముందే బానిసగానే చనిపోయాడు. ఆ దేశపు మూల పత్రాల పక్కన పెట్టి చదవవలసిన పత్రం అది. సంతకం లేనివాడి పత్రం.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇలాంటి చరిత్ర ఉన్న కాగితాన్ని ఏం చేయాలి? పంతొమ్మిదో శతాబ్దంలో బానిసత్వాన్ని ఎదిరించినవాళ్లే రెండుగా చీలిపోయారు. విలియం లాయిడ్ గారిసన్ 1854 జూలై 4న రాజ్యాంగం ప్రతిని బహిరంగంగా తగలబెట్టాడు. అది బానిస యజమానులతో చేసుకున్న రాజీ అన్నాడు. స్వయంగా బానిసగా పుట్టి పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ మొదట ఆయన వెంటే ఉండి, 1851లో విడిపోయాడు. కాగితంలో 'ప్రజలు' అని ఉంది, 'తెల్ల ప్రజలు' అని లేదు, కనుక అది మాకూ వర్తిస్తుందని వాదించాడు. ఎదుటి పక్షం వాదం 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి టానీ చెప్పాడు: రాసినవాళ్ల మనసులో నల్లవాళ్లు లేరు, కనుక వాళ్లు పౌరులు కారు. అదే తీర్పులో జస్టిస్ కర్టిస్ విభేదించాడు. రాజ్యాంగం ఆమోదం పొందేనాటికి అయిదు రాష్ట్రాల్లో స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లకు ఓటు ఉండేదని గుర్తుచేశాడు.

నేను డగ్లస్ పక్షం. కారణం సులువు. ఊరందరి ముందు నిలబడి 'ఈ బావి ఊరందరిదీ' అని ప్రకటించినవాడు, తర్వాత 'ఊరంటే నా ఉద్దేశం మా వీధి' అంటే ఒప్పుకుంటామా? మాట నోట్లో ఉన్నంతసేపే అతనిది. బయటికొచ్చాక విన్నవాళ్లందరిదీ. 'అందరూ' అనే మాట వల్ల వచ్చే గౌరవం నీకు కావాలంటే, 'అందరూ' అనే మాట తెచ్చే బాధ్యతా నీదే. బయట ఉంచబడ్డవాడు ఆ మాట పట్టుకుని లోపలికి రావడం భిక్ష కాదు, వసూలు. అందుకు కృతజ్ఞత చెప్పాల్సిన పనీ లేదు.

అయితే ఈ జవాబు అందరికీ సరిపోదు. స్థానిక జాతులు ఆ 'మేము'లో చేర్చమని అడగలేదు. తమతో చేసుకున్న ఒప్పందాలు నిలబెట్టమన్నారు. 1924లో వాళ్లందరికీ అమెరికా పౌరసత్వం ఇస్తే, మాకు మా దేశం ఉందని కాదన్నవాళ్లు ఇరొక్వా జాతుల్లో ఉన్నారు. 'మనం' అన్నది కూడా ఒకోసారి మింగేసే నోరవుతుంది. చేర్చుకోవడం న్యాయం కావాలంటే, చేరేవాడు తన పేరుతో, తన ప్రార్థనతో, తన భాషతో చేరగలగాలి. తలుపు తీసి చెప్పులతో పాటు ముఖాన్నీ బయట వదిలి రమ్మంటే అది ఆహ్వానం కాదు. 'ప్రధాన స్రవంతిలో కలవండి' అని మాకు హితవు చెప్పే లౌకికవాద మిత్రులు ఈ తేడాను కాస్త ఆలోచించాలి.

ఆ వసూలు ఫలితం తెలుగువాళ్లకూ అందింది. 1790 నాటి రంగు షరతు పట్టుకునే 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ అనే సిక్కు కేసులో భారతీయులు పౌరసత్వానికి పనికిరారంది. ఆనాడు అక్కడి రికార్డుల్లో సిక్కు, ముస్లిం, హిందువు అందరూ 'హిందూ'లే. ఇక్కడ మేమందరం తురకలైనట్టు! 1946లో భారతీయులకు పౌరసత్వ ద్వారం తెరిచారు. పౌరహక్కుల పోరాటం ఊపులో ఉన్న 1965లో వలస చట్టం మారింది. ఈనాడు అక్కడ పౌరులుగా ప్రమాణం చేస్తున్న తెలుగువాళ్లు డగ్లస్ వారసులు వేసిన బాట మీద నడిచినవాళ్లే. వాళ్లలో కొందరు 2017లో ముస్లిం దేశాల ప్రయాణికులపై నిషేధం వచ్చినప్పుడు తమకేం పట్టనట్టు ఉన్నారు. ఆ నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది, 2021లో ఎత్తేశారు. తలుపు తమ వెనక మూసేసుకునేవాడికి ఆ తలుపు ఎవరు తీశారో గుర్తుండదు.

మన రాజ్యాంగం 'భారత ప్రజలమైన మేము' అంటూ మొదలవుతుంది. ఆ మొదటి మాటల వెనక అమెరికా రాజ్యాంగపు మొదటి మాటలున్నాయి. కాని ఒక తేడా ఉంది. మా వాళ్లు ఆ సభలో ఉన్నారు. మౌలానా ఆజాద్ ఉన్నారు, బేగం ఐజాజ్ రసూల్ ఉన్నారు. మరో విశేషం: ఆ సభలో హైదరాబాద్ సంస్థానానికి ప్రతినిధులే లేరు. 1949 నవంబరులో నిజాం ఫర్మానాతో ఆ రాజ్యాంగం ఇక్కడికి వచ్చింది. అంటే సంతకమే కొలత అయితే తెలంగాణ నేల మీది హిందువుదీ, ముస్లిందీ, దళితుడిదీ ఎవరి సంతకమూ అందులో లేదు. అయినా ఇది నీ దేశమేనా అన్న ప్రశ్న ఎవరికి పడుతోంది? ఒక్క ముస్లింకే. 1950లో షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మతం షరతు పెట్టింది. 2019లో పౌరసత్వ చట్ట సవరణ ఆరు మతాల పేర్లు రాసి ఒక మతం పేరు వదిలేసింది. 1705 చట్టంలో పేరు రాసి బయటపెట్టారు, ఇక్కడ పేరు రాయకుండా బయటపెట్టారు.

ఇదంతా అడిగే నైతిక హక్కు మాకు నిలవాలంటే మా 'మేము'నూ మేం పరీక్షకు పెట్టుకోవాలి. అయూబా సులేమాన్ డియాలో అనే బుందూ దేశపు పండిత కుటుంబీకుడిని 1730 ప్రాంతంలో పట్టి మేరీలాండ్ పొగాకు తోటకు అమ్మారు. తండ్రికి అరబ్బీలో రాసిన ఉత్తరం వల్ల ఆయన కథ లండన్ దాకా పాకి, 1734లో స్వదేశం చేరాడు. అరుదైన అదృష్టం. కాని ఆయన పట్టుబడింది గాంబియా నది దగ్గర ఇద్దరు మనుషుల్ని అమ్మి తిరిగొస్తున్నప్పుడు. ఆ ఇద్దరి పేర్లు చరిత్రలో లేవు. మా 'మేము'లో ఆ ఇద్దరికి చోటుందా? దూదేకులవాడిని తక్కువగా చూసే సయ్యదుకూ, ఆడమనిషిని జమాత్ నిర్ణయాల దగ్గరికి రానివ్వని పెద్దమనిషికీ మేఫ్లవర్‌లో సంతకం పెట్టిన 41 మందితో పోలిక లేదా?

ఓడ ఒకటే. ప్రార్థన ఎవరిది వాళ్లది. నడిపే ఖర్చు అందరిదీ అయినప్పుడు చుక్కాని దగ్గర మాట కూడా అందరిదీ కావాలి. విలియమ్స్ ఆ చివరి మాట చెప్పకుండా ఆగిపోయాడు. ఆయన ఓడలో తురకకు ప్రార్థన దొరికింది గాని చుక్కాని దొరకలేదు. సహనం అక్కడిదాకానే తీసుకెళ్తుంది. చుక్కాని అడుగుతున్నవాడిని చూసి ఓడను ముంచటానికి వచ్చాడనుకోకండి. మునిగితే అతనూ మునుగుతాడు.